బేస్ గిటార్‌లో ఒక తీగ ఎందుకు వెనకబడుతుంది?

"అన్నా, ఇ తీగ మోగినంత జి తీగ మోగట్లేదు. పికప్ పోయిందంటారా?"

ఆదివారం ఆరాధనకు ముందు సౌండ్ చెక్ జరుగుతుండగా ఒక కుర్రాడు నన్ను అడిగిన మాట ఇది. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లోనూ కాలేజీ బ్యాండ్లలోనూ ఇదే మాట విన్నాను. తీగ పేరు మాత్రం మారుతుంటుంది. ఒకరికి ఎ తీగ మూగబోతుంది. ఇంకొకరికి ఇ తీగ గదంతా నిండిపోయి మిగతా మూడింటినీ మింగేస్తుంది. జవాబు మాత్రం ఎవరిని అడిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. రిపేరు చేసేవారు పికప్ మార్చమంటారు, దుకాణంవారు కొత్త తీగలు వేయమంటారు, గురువు వేళ్ళు సరిచేసుకోమంటారు, మిక్సర్ దగ్గర కూర్చున్నతను కంప్రెసర్ పెడితే చాలంటాడు. వీళ్ళలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఒక్కొక్కరు చెప్పిందీ ఏదో ఒక గిటార్ విషయంలో నిజమే. మన చేతిలో ఉన్న గిటార్‌కు వాటిలో ఏది వర్తిస్తుందో తేల్చుకోవడం ఎలాగన్నదే ఎవరూ చెప్పరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పికప్ మార్చడం అన్నిటికన్నా చివర రావాల్సిన పని. మన దగ్గర తరచుగా అదే మొదట జరుగుతోంది, డబ్బూ పోతోంది, తీగ అలాగే ఉంటోంది.

నాలుగు తీగలూ సమానంగా మోగడమే సహజమనీ, తేడా వస్తే ఏదో చెడిపోయినట్టేననీ అనుకుంటాం. నిజానికి తేడాయే సహజం. మామూలు సెట్‌లో జి తీగ మందం అంగుళంలో వెయ్యింట 45 వంతులు, ఇ తీగది 105 వంతులు. అడ్డంగా కోసి చూస్తే ఇ తీగలో ఉన్న లోహం జి తీగలో ఉన్నదానికి అయిదు రెట్లు దాటుతుంది. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు వల్ల చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. మార్పు ఎంత వేగంగా జరిగితే వోల్టేజి అంత పెరుగుతుంది. ఇ తీగ సెకనుకు 41 సార్లు ఊగితే జి తీగ 98 సార్లు ఊగుతుంది. అంటే ఒకదానికి లోహం ఎక్కువ, వేగం తక్కువ. రెండోదానికి వేగం ఎక్కువ, లోహం తక్కువ. ఈ రెండింటి లెక్క దానంతటది సరిపోదు. తయారు చేసినవారు, తీగలు కట్టినవారు, వాయించేవారు ముగ్గురూ కలిసి దాన్ని సరిపెట్టాలి.

తయారీదారులు ఈ లెక్కతో డెబ్బై ఏళ్ళకు పైగా కుస్తీ పడుతున్నారు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌లో ఒక్కో తీగ కింద ఒక్కటే అయస్కాంత ధ్రువం ఉండేది. తీగ సరిగ్గా దాని నెత్తిమీద ఉండటంతో మీటిన తొలి దెబ్బ గట్టిగా వచ్చేది, తీగ పక్కకు ఊగితే బలం తగ్గేది. 1957లో ఆ పికప్‌ను రెండు ముక్కలు చేశారు. ఇ, ఎ తీగలకు ఒక ముక్క, డి, జి తీగలకు మరో ముక్క. ఒక్కో తీగకు రెండు ధ్రువాలు, తీగ వాటి నడుమ నుంచి పోతుంది. ఒక ధ్రువానికి దూరంగా ఊగితే రెండోదానికి దగ్గరవుతుంది కాబట్టి మోత నిలకడగా ఉంటుంది. 1960లో వచ్చిన జాజ్ బేస్ కూడా తీగకు రెండు ధ్రువాల పద్ధతే పాటించింది. 1976 నాటి మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలో లావాటి ధ్రువాలు తిరిగి తీగ కిందికే వచ్చాయి. ఆ శబ్దాన్ని ప్రేమించేవాళ్ళు ఎంతమందో, అందులో జి తీగ పలచగా ఉందని చెప్పుకునేవాళ్ళూ అంతమంది. ఈఎంజీ వంటివారు విడివిడి ధ్రువాల జోలికే పోకుండా కవరు కింద పొడవాటి కడ్డీ పెట్టారు. కడ్డీ ఉంటే తీగ కాస్త అటూ ఇటూ జరిగినా ఫరవాలేదు. ఎత్తులో తేడాను మాత్రం కడ్డీ కూడా దాచలేదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

ముందు కొలవాలి. చెవిని నమ్మి మొదలుపెడితే దారి తప్పుతాం, ఎందుకంటే చెవికి కింది స్వరాల మీద చిన్నచూపు. 1933లో బెల్ లాబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ చేసిన ప్రయోగాల నుంచి నేటి అంతర్జాతీయ ప్రమాణం దాకా అన్నీ ఇదే చెబుతున్నాయి. 40 హెర్ట్జ్ ధ్వని చెవికి తగలడం మొదలవ్వాలంటే, 100 హెర్ట్జ్ ధ్వనికి కావలసినదానికన్నా సుమారు 25 డెసిబెల్ ఎక్కువ బలం కావాలి. ఇంట్లో సాధనకు వాడే చిన్న ఆంప్ స్పీకరు 41 హెర్ట్జ్‌ను దాదాపు పలకనే పలకదు. 82, 123 హెర్ట్జ్ దగ్గరి ఉపస్వరాలు విని మెదడే ఇ తీగను ఊహించుకుంటుంది. అందుకే ఒకే గిటార్ ఇంట్లో ఇ తీగ లేనట్టు, పెద్ద స్పీకర్ల ముందు ఇ తీగే ఉన్నట్టు వినిపిస్తుంది. ఆ రెండు చోట్లా గిటార్‌లో మారిందేమీ లేదు.

చెవికన్నా పెద్ద మోసం గదిది. దీన్ని పట్టించుకునేవారు చాలా తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గదిలో ఎదురెదురు గోడల మధ్య ధ్వని అటూ ఇటూ తగిలి కొన్ని స్వరాల దగ్గర నిలిచిపోతుంది. వాటిలో అన్నిటికన్నా కిందిది తెలుసుకోవాలంటే ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే చాలు. 30 డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. గది పొడవు 4 మీటర్లైతే 349ని 8తో భాగించాలి, 43.6 హెర్ట్జ్ వస్తుంది. ఇ తీగ మొదటి ఫ్రెట్ మీది ఎఫ్ స్వరం 43.65 హెర్ట్జ్. అంటే మన ఇళ్ళలో సర్వసాధారణమైన నాలుగు మీటర్ల పడకగదిలో ఆ ఒక్క స్వరం గోడ పక్కన నిలబడితే ఉరుముతుంది, గది మధ్యలో నిలబడితే మాయమవుతుంది. అది విని ఇ తీగలో ఏదో లోపముందని గిటార్ విప్పినవాళ్ళు నాకు తెలుసు. అనుమానం వస్తే రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ వాయించండి. మీరు జరగగానే లోపం మారిపోతే అది గిటార్‌ది కాదు.

అందుకే గదినీ స్పీకరునూ పక్కన పెట్టి కొలవాలి. గిటార్‌ను నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలపండి. ఆంప్ వద్దు, ఎఫెక్టులు వద్దు, గిటార్ మీది టోన్, వాల్యూమ్ నాబ్‌లు పూర్తిగా తెరిచి ఉంచండి. వేళ్ళకు బదులు పిక్ పట్టుకుని, ఒకే చోట, వీలైనంత ఒకే బలంతో ఒక్కో తీగను పదేసి సార్లు మీటండి. మొదట వట్టి తీగ, తరువాత అయిదో ఫ్రెట్, ఆపైన పన్నెండో ఫ్రెట్. మీటరు చూపించే అంకెలు కాగితం మీద రాసుకోండి. ఒకటి రెండు డెసిబెల్ తేడాను పట్టించుకోనక్కర్లేదు, అది చేతిలోనే ఉంటుంది. మూడు దాటితే వినేవాళ్ళకు తెలుస్తుంది. ఆరు డెసిబెల్ అంటే ఒక తీగ మరోదానికన్నా రెట్టింపు వోల్టేజి ఇస్తోందని అర్థం, అక్కడ తప్పకుండా ఏదో కారణం ఉంటుంది. అంకెలన్నీ దగ్గరదగ్గరగా వచ్చి, వేళ్ళతో వాయించినప్పుడు మాత్రమే తేడా కనిపిస్తే స్క్రూడ్రైవర్ తీయకండి. దాని సంగతి తరువాత వస్తుంది.

అంకెలు చేతికొచ్చాక వాటిని మూడు ప్రశ్నలతో చదవాలి. తగ్గింది ఒక్క తీగా, రెండు తీగల జంటా? తీగంతా తగ్గిందా, తీగ మీద ఒకటి రెండు స్వరాలేనా? మీటిన క్షణం నుంచే తక్కువగా ఉందా, బాగా మొదలై చటుక్కున ఆరిపోతోందా? నేను చూసిన గిటార్లలో ఈ మూడింటికి జవాబు దొరికితే ముప్పాతిక వంతు పని అయిపోయినట్టే.

ఒక్క తీగ ఆ చివర నుంచి ఈ చివర దాకా తగ్గితే ముందు ఆ తీగనే అనుమానించాలి. లావు తీగలు ఉక్కు నరం చుట్టూ మరో తీగ చుట్టి చేసినవి. ఆ చుట్ల సందుల్లో చెమట, చర్మపు పొట్టు, తుప్పు చేరి తీగ బరువు ఒక్కోచోట ఒక్కోలా మారుతుంది. సందులు పెద్దవి కావడంతో ముందు ఇ తీగ చస్తుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్ళలో వేదిక మీద తడిచి ముద్దయిన చేతులతో వాయించి తుడవకుండా పెట్టెలో పెడితే అది ఇంకా తొందరగా జరుగుతుంది. కట్టేటప్పుడు తీగ మెలితిరిగినా కొత్త తీగ పాతదానిలా మోగుతుంది. తెగిన తీగ ఒక్కదాన్నే కొత్తది వేసి మిగతా మూడూ పాతవి ఉంచితే కొత్తది ఒక్కటే గొంతెత్తుతుంది. అప్పుడు లోపం ఉన్నది కొత్తదానిలో కాదు. అకౌస్టిక్ బేస్ కోసం చేసిన కంచు చుట్ల తీగలు ఎలక్ట్రిక్ బేస్‌కు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. కంచును అయస్కాంతం పట్టించుకోదు. లోపలి ఉక్కు నరం ఒక్కటే పికప్‌కు కనిపిస్తుంది, కాబట్టి తీగకూ తీగకూ మధ్య పొందిక చెడుతుంది.

సెట్‌లోని మందాల వల్ల కూడా తేడా వస్తుంది. ఒకే రకం తీగలైతే బిగువు సుమారుగా మందాన్నీ ఊపునూ హెచ్చవేసి, వచ్చినదాని వర్గం తీసినంత ఉంటుంది. 45, 65, 85, 105 సెట్‌కు ఈ లెక్క కడితే డి తీగ అన్నిటికన్నా బిగువుగా, జి తీగకన్నా ఆరో వంతు ఎక్కువగా తేలుతుంది. ఇ తీగ అన్నిటికన్నా వదులుగా ఉంటుంది. ఒకే బలంతో మీటినా బిగువైన తీగ తక్కువ, వదులు తీగ ఎక్కువ ఊగుతాయి. దీన్ని సరిచేయడానికే డాడారియో కంపెనీ 45, 60, 80, 107 మందాలతో సమాన బిగువు సెట్ చేసింది. మళ్ళీ హెచ్చవేసి చూడండి, నాలుగింటికీ దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. వేళ్ళ కింద నాలుగూ ఒకేలా ఉండాలనుకునేవారికి ఇది మంచి దారి. మోత విషయంలో మాత్రం ఇది తేడాను తగ్గిస్తుందే తప్ప పూర్తిగా తీసెయ్యదు.

తీగ బాగానే ఉంటే తరువాత చూడాల్సింది పికప్ ఎత్తు. నా అనుభవంలో ఎక్కువ గిటార్ల జబ్బు ఇక్కడే నయమవుతుంది. దూరం కాస్త పెరిగినా అయస్కాంత క్షేత్రం బాగా పడిపోతుంది. పాతతరహా పికప్‌లకు ఫెండర్ సూచించే కొలత ఇది: చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని, తీగ అడుగు నుంచి ధ్రువం తలదాకా ఇ వైపు అంగుళంలో 64కి 8 వంతులు, జి వైపు 6 వంతులు. మిల్లీమీటర్లలో సుమారు 3.2, 2.4. జి వైపు దగ్గరగా ఎందుకంటే సన్న తీగకు ఆ సాయం కావాలి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. అక్కడి నుంచి పావు తిప్పు చొప్పున స్క్రూ తిప్పుతూ, ప్రతిసారీ మళ్ళీ రికార్డు చేసి చూడాలి. తగ్గిన తీగ వైపు పైకి లేపాలని చెయ్యి తహతహలాడుతుంది, కానీ ఎక్కువ మోగే వైపును కిందికి దించడమే మేలు. అయస్కాంతం తీగకు మరీ దగ్గరైతే తీగను తనవైపు లాగి ఊగనివ్వదు. స్వరం వణుకుతుంది, పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి కూడా తప్పుతుంది. కుర్రాళ్ళు పికప్‌ను తీగలకు ఆనించినంత పైకి లేపి, మోత పెరిగిందని సంతోషిస్తారు. పెరిగింది మీటిన క్షణపు దెబ్బ మాత్రమే, ఆ వెనకాల స్వరం కుంగిపోతుంది.

పైన కడ్డీ విషయంలో దాటవేసిన మాటకు ఇప్పుడు వస్తాను. ఫ్రెట్‌బోర్డు బల్లపరుపుగా ఉండదు, వంపుగా ఉంటుంది. తీగలు ఆ వంపునే అనుసరిస్తాయి. పాత ఫెండర్లలో ఆ వంపు వ్యాసార్ధం 7.25 అంగుళాలు, ఇప్పటివాటిలో ఎక్కువగా 9.5. పాత వంపుతో లెక్క వేస్తే పికప్ దగ్గర ఎ, డి తీగలు ఇ, జి తీగలకన్నా దాదాపు 2 మిల్లీమీటర్లు ఎత్తున ఉంటాయి. పికప్ తల చదునుగా ఉంటే, మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండాల్సిన మధ్య తీగలు అయిదు మిల్లీమీటర్ల దూరానికి పోతాయి. నడిమి తీగలు రెండూ మెత్తగా ఉన్నాయన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. ప్రెసిషన్ బేస్‌లో పికప్ రెండు ముక్కలు కాబట్టి ఒక్కో ముక్కను ఎ, డి వైపు పైకి వంచి దీన్ని చక్కగా సరిచేయవచ్చు. జాజ్ బేస్‌లో ఆ వీలు లేదు, ఇటు చివరనో అటు చివరనో లేపగలం తప్ప మధ్యను లేపలేం. ధ్రువాలను స్క్రూలుగా చేసిన పికప్‌లలో ఒక్కో ధ్రువాన్ని విడిగా పైకీ కిందికీ తిప్పుకోవచ్చు. స్క్రూలు లేనివాటిలో ధ్రువాన్ని వేలితో నొక్కో, కొట్టో కదిలించే ప్రయత్నం మాత్రం ఎన్నడూ చేయకండి. పాతతరహా పికప్‌లలో రాగితీగను నేరుగా ఆ అయస్కాంతాల మీదనే చుడతారు. ఆ తీగ మందం మిల్లీమీటరులో వందకు ఆరు వంతులు. అయస్కాంతం కదిలితే అది తెగుతుంది, ఆ దెబ్బతో పికప్ నిజంగానే పోతుంది.

ప్రెసిషన్ బేస్‌లో ఇ, ఎ కలిసిగానీ డి, జి కలిసిగానీ తగ్గాయంటే కొలతల కాగితం మీదనే జవాబు ఉన్నట్టు. ఆ ముక్క ఎత్తు చూడండి. కింద ఉన్న స్పాంజి ఏళ్ళు గడిచి పొడిబారి కూలిపోతే ఎంత స్క్రూ వదులు చేసినా పికప్ పైకి లేవదు. ఎత్తు సరిగా ఉన్నా జంట తగ్గే ఉంటే అప్పుడు మల్టీమీటరు తీయాలి. రెండు ముక్కలూ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి మొత్తం నిరోధం 10 నుంచి 12 కిలో ఓముల మధ్య, ఒక్కో ముక్కది దానిలో సగం ఉండాలి. ఒక ముక్క అయిదు, రెండోది రెండు చూపిస్తే లోపల చుట్లు ఒకదానికొకటి తగులుకున్నాయి. పికప్ మార్చాలన్న మాట న్యాయంగా వినిపించే చోటు ఇదే. ఒక ముక్క పూర్తిగా తెగితే గిటార్ మొత్తం మూగబోతుంది కాబట్టి, రెండు తీగలు బలంగా మోగుతుండగా తెగిందని అనుమానపడనక్కర్లేదు.

తీగ ధ్రువాల మీదుగా సరిగ్గా పోతోందా అన్నది కళ్ళతోనే చూడవచ్చు. జి తీగ ఫ్రెట్‌బోర్డు అంచుకు జారి, ధ్రువం పక్కగా పోతుంటే మెడ బోల్టులు వదులై మెడ పక్కకు ఒరిగిందేమో చూడాలి. తీగలు కాస్త వదిలి, బోల్టులు సగం తిప్పు సడలించి, మెడను మెల్లగా నెట్టి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు తీగ తన దారికి వస్తుంది.

వట్టి తీగ మాత్రమే తక్కువగా ఉండి ఫ్రెట్ నొక్కగానే బాగుపడితే తప్పు నట్‌ది. ఇక్కడ నా సొంత అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న జాజ్ తరహా బేస్‌లో ఎ తీగ బలహీనంగా, గరగరగా ఉండేది. ఒక రిపేరు దుకాణంలో చూపిస్తే విని చూడకుండానే పికప్ మార్చారు. ఎ తీగ మారలేదు. చివరకు తెలిసిందేమిటంటే, ఆ తరహా తల మీద డి, జి తీగలను కిందికి అదిమిపట్టే చిన్న కొక్కెం ఉంటుంది, ఎ తీగకు ఉండదు. నా ఎ తీగను ట్యూనింగ్ పెగ్ పైభాగాన రెండే చుట్లు చుట్టి ఉంచారు. తీగ నట్ మీద కోణం లేకుండా దాదాపు చదునుగా పోతోంది, గాడిలో ఆనడం లేదు. తీగను విప్పి, చుట్లు కిందికి దిగేలా మళ్ళీ చుట్టాను. పది నిమిషాల పని. ఆ రోజు నుంచి ఎవరి బేస్ చూసినా ముందు తల వైపు చూడటం నాకు అలవాటైంది. అవతలి కొసన బ్రిడ్జి దగ్గర కూడా ఇలాంటి లోపమే రావచ్చు. సాడిల్ ఎత్తు స్క్రూలలో ఒకటి గాలిలో ఉంటే తీగ బలమంతా అక్కడే ఖర్చయిపోతుంది.

బాగా మొదలై చటుక్కున ఆరిపోయే స్వరాల విషయం వేరు. జి తీగ మీద అయిదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య, అంటే సి నుంచి డి వరకు, ఫెండర్ తరహా బేస్‌లలో ఒక స్వరం త్వరగా చచ్చిపోవడం వాయించేవారందరికీ అనుభవమే. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. జర్మనీలోని మ్యూనిక్‌లో హెల్ముట్ ఫ్లైషర్ 1990ల చివర్లో గిటార్ మెడల కదలికలను కొలిచి దీని గుట్టు తేల్చారు. మెడకు తనదైన ఊపు ఉంటుంది. తీగ స్వరం ఆ ఊపుతో కలిసిన చోట మెడ తీగ శక్తిని తాగేస్తుంది. పికప్ మార్చినా తీగలు మార్చినా ఇది పోదు. గిటార్ తలను గోడకో చెక్క బీరువాకో గట్టిగా ఆనించి అదే స్వరం మీటండి. స్వరం నిలబడితే అది డెడ్ స్పాటే. తల మీద బరువైన బిగింపు ఒకటి పెడితే మెడ ఊపు కిందికి జరుగుతుంది. చచ్చిన చోటు పూర్తిగా పోదు, తక్కువ వాడే స్వరం దగ్గరకు పోతుంది. కార్బన్ గ్రాఫైట్ మెడలు చేసిన మాడ్యులస్, తల లేకుండా చేసిన స్టైన్‌బర్గర్ బేస్‌లు ఈ సమస్యను మూలం నుంచి ఎదుర్కొన్న ప్రయత్నాలు. చెక్క మెడ ఉన్నవారు ఆ స్వరాన్ని డి తీగ మీద పదో ఫ్రెట్ దగ్గరో పన్నెండో ఫ్రెట్ దగ్గరో పట్టుకోవడమే సులువు.

ఇక చెయ్యి. పిక్‌తో తీసిన అంకెలు సమానంగా ఉండి, వేళ్ళతో తీసినవి ఎగుడుదిగుడుగా వస్తే కారణం చేతిలోనే ఉంది. చూపుడు వేలు, నడిమి వేలు ఒకే బలంతో మీటవు. బొటనవేలిని పికప్ మీదే పాతేసి ఉంచేవారికి ఇ తీగ దగ్గర మణికట్టు ముడుచుకుపోతుంది, జి తీగ దగ్గర వేళ్ళు సాగుతాయి. వేలి కోణం మారితే తీగ ఊగే దిశ మారుతుంది, బలమూ మారుతుంది. బొటనవేలిని వేళ్ళతోపాటు తీగ నుంచి తీగకు జరుపుకుంటూ పోవడం దీనికి పాత మందు. గ్యారీ విల్లిస్ పికప్‌ల పక్కన తీగల కింద ఒక చెక్క బల్ల అమర్చి, వేలు ఏ తీగ దగ్గరైనా ఒకే లోతుకు దిగేలా చేసుకున్నారు. మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. ఆయన ఫ్లాట్‌వౌండ్ తీగలు కట్టుకుని, వాటిని మార్చకుండా, బ్రిడ్జి మూత కింద స్పాంజితో వాయించేవారు. స్పాంజి స్వరాన్ని త్వరగా ఆపుతుంది కాబట్టి ఏ స్వరమూ మరోదానికన్నా ఎక్కువసేపు నిలబడదు, డెడ్ స్పాట్ కూడా బయటపడదు. ఆయన బేస్‌లో సమానత్వం చేతి నుంచీ తీగల నుంచీ స్పాంజి నుంచీ కలిసి వచ్చింది.

కంప్రెసర్ గురించి ఎక్కువ చెప్పను. అది పెద్ద శబ్దాలను అణచి తేడాను తగ్గిస్తుంది, రికార్డింగ్‌లో దాని అవసరం ఉంది. అయితే తగ్గిన తీగ ఎందుకు తగ్గిందో దానికి తెలియదు. బలమైన తీగ మీటినప్పుడల్లా అది గట్టిగా పనిచేస్తుంది, బలహీన తీగ దగ్గర ఊరుకుంటుంది. దాంతో తీగకూ తీగకూ మధ్య మోతలో తేడా తగ్గినా స్వభావంలో తేడా పెరుగుతుంది. సెటప్ సరిచేశాక పెట్టిన కంప్రెసర్ వేరు, సెటప్‌కు బదులు పెట్టిన కంప్రెసర్ వేరు. అయిదు తీగల బేస్‌లో 31 హెర్ట్జ్ దగ్గరి బి తీగ విషయమూ ఇంతే. ముందు తీగ నాణ్యత, తరువాత స్పీకరు సామర్థ్యం చూడాలి, పికప్‌ను అనుమానించడం ఆ తరువాతే.

ఇళయరాజా తెలుగు పాటల్లో బేస్ గిటార్ వెనక నిలబడే వాద్యంలా ఉండదు, పాటతో మాట్లాడుతూ నడుస్తుంది. అలాంటి నడక నేర్చుకోవాలనుకునే పిల్లలు మన చర్చిల్లో, కాలేజీల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి ఎక్కువగా తక్కువ ధర గిటార్లే. సరిగా సెటప్ చేస్తే అవి ఎంతో బాగా పలుకుతాయి, చేయకపోతే వాయించేవాడు లోపం తనదేననుకుని వాద్యాన్నే వదిలేస్తాడు. నాకు బాధ కలిగించేది అదే.

ఆ ఆదివారం ప్రశ్న అడిగిన కుర్రాడిది ప్రెసిషన్ తరహా గిటార్. అంకెలు తీస్తే ఒక్క జి తీగే కాదు, డి తీగ కూడా తగ్గింది. పికప్ ముక్క కింద స్పాంజి చూర్ణమైపోయింది. టీవీ పెట్టెలో వచ్చిన ప్యాకింగ్ స్పాంజి నుంచి ముక్క కోసి పెట్టి, రెండు స్క్రూలు సరిచేశాం. మీ గిటార్‌లోనూ ఏదో ఒక తీగ వెనకబడి ఉంటే, ఎవరి చేతికీ ఇవ్వకముందే నాలుగు తీగలకూ మూడు చోట్ల అంకెలు తీసి కాగితం మీద రాయండి. రిపేరుకు వెళ్ళాల్సి వస్తే గిటార్‌తోపాటు ఆ కాగితం కూడా తీసుకువెళ్ళండి.